నొప్పి గోలీ వేస్తే గుజ్జు అరుగుడు ఆగుతదా?

నాట్లు అయిపోయినయ్ అంటే చాలు ఉత్తరాలన్నీ మోకాళ్ళ మీదనే వస్తయ్. ఈసారి సగానికి పైన ఒకటే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగినయ్ కాబట్టి కొన్నిటిని ముందు పెట్టుకుని మిగతావి వాటిల్లనే కలిపేసిన. పేర్లు రాస్తలేను, ఊరు వరకే.

దేవరకొండ నుంచి ఒక చెల్లె: మా అమ్మకు 58 ఏండ్లు సార్. నాలుగేండ్ల సంది రెండు మోకాళ్ళు నొప్పి. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగింది అన్నరు. మెడికల్ షాపుల అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన గోలీ తెచ్చుకుని రోజూ పొద్దున ఒకటి, పనెక్కువుంటే రాత్రి ఇంకోటి వేస్కుంటది. మా పెద్దమ్మేమో ఆ గోలీలు వేస్తే ఇంకా జల్ది అరుగుతది బంద్ చెయ్ అంటది, షాపాయనేమో వాపు తగ్గితేనే గుజ్జు మిగులుతది వేస్కోమంటడు. ఎవరి మాట నిజం? అమ్మకు బీపీ కూడ ఉంది, గ్యాస్ గోలీ కూడ వేస్కుంటది.

జవాబు: షాపాయన మాటకు రుజువు లేదు చెల్లె. పెద్దమ్మ మాటకు కొంత ఉంది, పూర్తిగ లేదు. కాని మీ ఉత్తరంల నాకు భయం పుట్టించింది గుజ్జు సంగతి కాదు, చివరి వాక్యం. దానికి తర్వాత వస్త.

ముందు మోకాలి లోపల ఏముందో చూద్దాం. తొడ ఎముక కొసకు, కింద కాలి ఎముక పైభాగానికి నున్నగ తెల్లగ ఒక పొర అతుక్కుని ఉంటది, మనం గుజ్జు అనేది దాన్నే. అది రెండు ఎముకల మధ్య పోసిన జిగురు కాదు, ఎముకకు అంటుకున్న గట్టి పొర. అందుల 65 నుంచి 80 శాతం నీళ్ళే. ఆ నీళ్ళను పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పదార్థం, దాన్ని చెదరకుండ కట్టి ఉంచేది కొలాజెన్ పోగులు. నీళ్ళు పీల్చిన స్పంజి లెక్క, కాలు మోపితే కొంచెం అణుగుతది, ఎత్తితే మళ్ళీ ఉబ్బుతది. ఈ పొరకు రక్తనాళాలు లేవు, నరాలు కూడ లేవు. రక్తం లేదు కాబట్టి దెబ్బ తగిలితే మానుడు కష్టం. నరాలు లేవు కాబట్టి అది అరుగుతుంటే నొప్పి తెలువదు. మరి మీ అమ్మకు నొప్పి ఎక్కడ్నుంచి వస్తుందంటే, గుజ్జు కింద ఉన్న ఎముక నుంచి, కీలు లోపల ఉన్న పల్చటి పొర వాచుడు నుంచి, చుట్టూ ఉన్న నరాల నుంచి. అందుకనే ఎక్స్‌రేల మస్తు అరిగినాయన హాయిగ నడుస్తుంటడు, కొంచెమే అరిగినామె మెట్లు ఎక్కలేక ఏడుస్తుంటది.

నొప్పి గోలీ చేసే పని ఏంటిదంటే, ఆ వాచిన పొరల ప్రొస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారు కాకుండ ఆపుతది. ఆస్పిరిన్ ఈ పని చేస్తదని 1971ల జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనిపెట్టిండు, 1982ల ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చిన్రు. ప్రొస్టాగ్లాండిన్ తగ్గితే నొప్పి తగ్గుతది, వాపు కొంత తగ్గుతది, ఇది నిజం. కాని గుజ్జును కొరికి తినే ఎంజైములు వేరే ఉన్నయ్, వాటి మీద ఈ గోలీకి నేరుగ పట్టు లేదు. అందుకని వాపు తగ్గితే గుజ్జు మిగులుతది అనే మాట వినడానికి సబబుగనే ఉన్నా మనుషుల మీద చూసినప్పుడు నిలబడలే.

ఎట్ల నిలబడలేదో చెప్త. 1989ల ఇంగ్లాండుల తుంటి కీలు మార్పిడి కోసం ఎదురు చూస్తున్న 105 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇండోమెథాసిన్ ఇచ్చిన్రు, అది ప్రొస్టాగ్లాండిన్‌ను గట్టిగ ఆపే మందు, ఇంకో జట్టుకు మెల్లగ ఆపే వేరే మందు ఇచ్చిన్రు. ఇండోమెథాసిన్ వేస్కున్నోళ్ళకు కీలు సందు తొందరగ తగ్గింది, ఆపరేషన్ దాకా కూడ జల్ది పోయిన్రు. తర్వాత 1995ల ఇంకా పెద్దది అచ్చయింది, 812 మంది మోకాళ్ళ మీద, అందుల ఉత్తుత్తి గోలీ ఇచ్చిన జట్టు కూడ ఉంది. ఎక్స్‌రేలు పోల్చి చూస్తే ఇండోమెథాసిన్ జట్టుల 85 మందికి 40 మంది మోకాలు ఇంకా చెడింది, ఉత్తుత్తి గోలీ జట్టుల 87 మందికి 19 మందికే చెడింది. అంటే రెండింతలు పైననే. అదే అధ్యయనంల టియాప్రోఫెనిక్ యాసిడ్ అనే ఇంకో నొప్పి మందు వేస్కున్నోళ్ళకు మాత్రం ఉత్తుత్తి గోలీ కన్నా ఎక్కువ చెడలే. కాబట్టి అన్ని నొప్పి గోలీలు గుజ్జును తింటయ్ అనుడు కూడ తప్పే. ఇండోమెథాసిన్ మీద మాత్రం మరక గట్టిగ పడ్డది, మోకాళ్ళ అరుగుదలకు దాన్ని ఇప్పుడు రాసేది తక్కువ.

మీ అమ్మ వేస్కునే అసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌కు దగ్గరి చుట్టం. డైక్లోఫెనాక్ మీద నెదర్లాండ్స్‌ల రోటర్‌డామ్‌ల పెద్దవయసోళ్ళను ఏండ్ల తరబడి చూసి 2005ల రాసిన్రు, 180 రోజులకు పైన వాడినోళ్ళకు, నెలలోపు వాడినోళ్ళతో పోలిస్తే, తుంటి అరుగుడు ముదిరే అవకాశం రెండింతలు పైన, మోకాలు ముదిరే అవకాశం మూడింతలు ఉన్నట్టు కనపడ్డది. ఇంకా ఈ మధ్యది, 2022ల అమెరికాల క్యాలిఫోర్నియా వాళ్ళు 277 మంది రోజూ నొప్పి గోలీ వాడేటోళ్ళను, 793 మంది వాడనోళ్ళను నాలుగేండ్లు ఎంఆర్ఐలతోటి చూసిన్రు. వాడినోళ్ళకు వాపు తక్కువ ఉండాలె గదా, లేదు. మొదలుల్నే వాపు ఎక్కువ, గుజ్జు నాణ్యత తక్కువ, నాలుగేండ్ల తర్వాత ఇంకా చెడ్డది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, పెద్దమ్మకు పూర్తి మార్కులు వెయ్యకపోయింది దీని కోసమే. ఈ చివరి రెండిట్ల ఎవరికి గోలీ ఇయ్యాలె ఎవరికి వద్దు అని చీటీలు వేసి పంచలే, ఎవరిష్టం వాళ్ళు వేస్కున్నరు, శాస్త్రవేత్తలు చూసి రాసుకున్నరు అంతే. నొప్పి ఎక్కువున్నోళ్ళే గోలీలు ఎక్కువ మింగుతరు గదా, వాళ్ళ మోకాలు గోలీ వేస్కున్నా వేస్కోకపోయినా ఎట్లాగూ జల్ది అరిగేదే కావచ్చు. కాబట్టి గోలీనే అరగ్గొట్టింది అని గుండె మీద చెయ్యేసి చెప్పలేం. గోలీ కాపాడింది అని మాత్రం అస్సలు చెప్పలేం.

ఇక నాకు భయం పుట్టిన సంగతి. అమ్మ బీపీ గోలీ చీటీ తీసి పేరు చూడండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటిదేదైనా ఉందా, దాని పక్కన హైడ్రోక్లోరోథయజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ అని ఇంకోటి కలిసి ఉందా. ఉంటే ఆ రెండు, పైన నొప్పి గోలీ, మూడూ కలిసి కిడ్నీ మీద పడ్తయ్. ఒక్కోటి విడిగ అయితే కిడ్నీ తట్టుకుంటది, మూడు కలిసి, పైన ఎండలకు చేన్ల పనిచేసి నీళ్ళు సరిగ తాగకుండ ఉన్నరోజు కిడ్నీకి రక్తం అందుడు తగ్గిపోతది. నొప్పి గోలీ బీపీని కూడ పెంచుతది, బీపీ గోలీ పనిచేస్తలేదని డాక్టరు ఇంకో గోలీ కలుపుతడు, ఇది చాన ఇండ్లల్ల నడుస్తున్న కథ. గ్యాస్ గోలీ వేస్తుంది గదా అంటరు, అది కడుపుల పుండు పడకుండ చూస్తది, కిడ్నీకి దాంతోటి ఏ రక్షణ లేదు. మెడికల్ షాపుల ఈ ముక్క ఎవ్వరు చెప్పరు.

కాబట్టి గుజ్జు సంగతి పక్కన పెట్టి ఈ వారంల క్రియాటినిన్ (కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష), యూరిన్ పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానల అయితే పైసలు కూడ కావు. రోజూ వేసే గోలీని డాక్టర్‌కు చూపించి ఆపండి, నొప్పి మరీ ఎక్కువైనప్పుడు ఆయన రాసినన్ని రోజులు, అన్నం తిన్నంక, తక్కువ డోసుల. మిగతా రోజులకు డైక్లోఫెనాక్ జెల్. చర్మం మీద రాస్తే రక్తంలకు పోయేది గోలీతో పోలిస్తే 6 శాతం లెక్కన, మోకాలు లాంటి పైపైనున్న కీలుకు పని బాగనే చేస్తది. బ్రిటన్‌ల 2022ల మార్చిన మార్గదర్శకాలల్ల కూడ మోకాలికి మొదటి మందు జెల్లే. పారాసిటమాల్ గోలీని మోకాళ్ళ అరుగుదలకు అలవాటుగ ఇయ్యొద్దు అని కూడ వాళ్ళే రాసిన్రు, అది పెద్దగ పనిచెయ్యదని, కాకపోతె కిడ్నీ బాగలేనోళ్ళకు వేరే దిక్కు లేనప్పుడు ఇస్తుంటం.

మహబూబ్‌నగర్ నుంచి ఫార్మసీ చదివే తమ్ముడు: సార్, మా క్లాసుల పీజీఈ2 గుజ్జును కరిగిస్తదని చెప్పిన్రు. కాక్స్-2ను ఆపితే పీజీఈ2 తగ్గుతది. అప్పుడు గుజ్జు మిగలాలె గదా? లాజిక్ ఎక్కడ తప్పింది?

జవాబు: మిగతావాళ్ళకు ముందు ఒక మాట, పీజీఈ2 అంటే పైన చెప్పిన ప్రొస్టాగ్లాండిన్లల్ల ఒకటి, కాక్స్-2 అంటే దాన్ని తయారు చేసే ఎంజైము. లాజిక్ తప్పలే తమ్ముడు, కథల పాత్రలు ఎక్కువున్నయ్, నువ్వు ఒక్క పాత్రనే చూస్తున్నవ్. అరుగుతున్న కీలుల ఐఎల్-1 బీటా, టీఎన్‌ఎఫ్ అనే సంకేతాలు కాండ్రోసైట్ అనే గుజ్జు కణానికి చేరినప్పుడు ఆ కణం లోపల రెండు మూడు దారులు ఒకేసారి తెరుచుకుంటయ్. ఒక దారిల కాక్స్-2 పెరిగి పీజీఈ2 వస్తది. వేరే దారిల ఎంఎంపీ-13 వస్తది, అది టైప్-2 కొలాజెన్‌ను కోస్తది. ఇంకా అడామ్‌ట్స్-4, అడామ్‌ట్స్-5 వస్తయ్, అవి అగ్రికాన్‌ను నరుకుతయ్. నువ్వు నొప్పి గోలీతోటి మూసింది మొదటి దారిని ఒక్కటే. కత్తులు పట్టుకుని వచ్చేటోళ్ళు వేరే గేటు నుంచి లోపటికి వస్తనే ఉన్నరు.

రెండోది, పీజీఈ2ను దొంగ అని ముద్ర వెయ్యకు. అది ఒక మోతాదుల కొలాజెన్ తయారీని పెంచుతది, ఎక్కువైతే చెడ్డ పని చేస్తది, ఏ రిసెప్టర్‌కు తగులుకుంది అనేదాని మీద కూడ ఉంటది. పూర్తిగ ఎండగొడితే మంచి పని కూడ ఆగుతది.

మూడోది, కొన్ని మందులు కాక్స్‌తో సంబంధం లేకుండనే గుజ్జు కణాన్ని తొక్కి పెడ్తయ్. ఆస్పిరిన్ జాతి సాలిసిలేట్‌లు గాజు పాత్రల పెంచిన గుజ్జుల ప్రొటియోగ్లైకాన్ (అగ్రికాన్ ఈ జాతిదే) తయారీని తగ్గించినయ్. 1980లల్ల అమెరికాల కుక్కల మోకాలి లిగమెంట్ కోసి, కీలు వదులయ్యేటట్టు చేసి, కొన్నిటికి ఆస్పిరిన్ పెట్టి చూసిన్రు. ఆస్పిరిన్ తిన్న కుక్కల గుజ్జు ఎక్కువ చెడింది. అట్లనే బాగున్న మోకాలిల పెద్ద తేడా రాలే, చెడుతున్న మోకాలిలనే వచ్చింది, ఇది గుర్తు పెట్టుకో, చెడిపోయిన గుజ్జుల సందులు తెరుచుకుని ఉంటయ్ కాబట్టి మందు లోపటికి ఎక్కువ ఇంకుతది.

కాక్స్-2ను ఏరి ఆపే సెలికాక్సిబ్ సంగతి అడుగుతవ్ నాకు ఎరికె. ల్యాబ్‌ల అది గుజ్జుకు కీడు చేసినట్టు కనిపించలే, కొన్నిట్ల మేలే చేసినట్టు కనిపించింది, అయినా మనుషులల్ల అరుగుడు ఆపింది అని చెప్పే రుజువు రాలే. దాని అన్న లాంటి రోఫెకాక్సిబ్ గుండెపోట్లు పెంచుతుందని తేలి 2004 సెప్టెంబరు 30న ప్రపంచమంతా మార్కెట్ల నుంచి వాపస్ తీస్కున్నరు. గుజ్జును మిగిల్చే మందు కావాలంటే ఎంఎంపీని, అడామ్‌ట్స్‌ను నేరుగ ఆపాలె, దాని కోసం మస్తు కంపెనీలు తిప్పలు పడ్డయ్, ఎంఎంపీని ఆపే మందులకు కండరాలు, కీళ్ళు పట్టేసి ఆగిపోయినయ్. గుజ్జు అరుగుడు ఆపుతది అని ఆమోదం పొందిన గోలీ ఈ రోజు వరకు ఒక్కటి లేదు. పరీక్షల రాయనీకి కూడ పనికొస్తది ఈ వాక్యం.

జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు: ముంబైల సెంట్రింగ్ పని చేసి వచ్చిన. వయసు 44. కుడి మోకాలు బాగ నొస్తది. పొద్దున ఒక డైక్లో గోలీ మింగి పనికి పోతే సాయంత్రం దాకా ఏం తెలువదు. గోలీ లేకపోతె నాలుగో అంతస్తు ఎక్కలేను. ఇట్ల నడిపించొచ్చా?

జవాబు: మీ పరిస్థితి నాకు అర్థమైంది తమ్ముడూ, కూలి పోతే పొయ్యి వెలుగదు, కాబట్టి రెస్ట్ తీస్కో అని సులువుగ రాయలేను. కాని పొద్దున గోలీ మింగి, నొప్పి తెలువని కాలు మీద సిమెంటు బస్తా మోసుకుని నాలుగు అంతస్తులు ఎక్కుడు అంటే, ఆగు అని శరీరం చెప్పే మాటను నోరు మూసి పని చేయించుకున్నట్టే. గోలీ గుజ్జును నేరుగ తినకపోయినా ఈ దారిల చెడగొడ్తది. 1960లల్ల ఇండోమెథాసిన్ వాడిన కొందరికి తుంటి కీలు అమాంతం కూలిపోయినప్పుడు అప్పటి డాక్టర్లు అనుమానపడ్డది ఇదే, నొప్పి తెలువక అతిగ వాడుకున్నరని.

44 ఏండ్లకే ఒక్క మోకాలు ఇంత నొస్తుందంటే ఎప్పుడో దెబ్బ తగిలి లోపల రెండు ఎముకల నడుమ మెత్త లెక్క ఉండే మెనిస్కస్ చినిగి ఉండొచ్చు, లేకపోతె కాలు వంకర అయి ఉండొచ్చు. ఒకసారి ఆర్థో డాక్టరుతోటి చేతులు పెట్టి చూపించుకో, ఉత్త ఎక్స్‌రే కాగితం పట్టుకుని తిరుగుడు కాదు. నిలబడి తీసిన ఎక్స్‌రే అడుగు, పండబెట్టి తీస్తే సందు ఎంత తగ్గిందో సరిగ కనిపించది.

గోలీని పనికి ముందు వేస్కునే అలవాటు మార్చి, మరీ నొప్పున్న రోజు పని అయిపోయినంక వేస్కో. మేస్త్రీతో మాట్లాడి బరువు ఎత్తే పని కాకుండ కింద కట్టింగ్, కట్టుడు పని అడుగు, అన్నీ కుదరవు, కుదిరినంత. తొడ కండరం గట్టిగుంటే మోకాలి మీద పడే బరువు కొంత అది మోస్తది, దానికి పైసా ఖర్చు లేని పని ఒకటుంది. కుర్సీల కూసొని కాలు నిటారుగ ముందుకు చాపి, తొడ బిగబట్టి, మనసుల పది లెక్కబెట్టి దించు. పది పది సార్లు, రోజుకు రెండు పూటలు. మొదటి రెండు వారాలు ఏం తేడా తెలువదు, చాన మంది అక్కడనే వదిలేస్తరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు అయితే గని మెట్ల మీద తేడా తెలువదు.

మర్రిగూడ నుంచి ఒక పెద్దాయన: మాది ఫ్లోరైడ్ ఊరు. చిన్నప్పటి సంది బోరు నీళ్ళు తాగిన. నడుము వంగదు, మోకాళ్ళు నొస్తయ్. ఇది గుజ్జు అరుగుడా, ఫ్లోరైడా? నొప్పి గోలీలు మాకు పనిచేస్తయా?

జవాబు: రెండూ ఉండొచ్చు పెద్దాయనా, వయసుతోటి వచ్చే అరుగుడు ఫ్లోరైడ్ ఊర్లని వదిలిపెట్టదు. తేడా పట్టుకునే గుర్తులు చెప్త. అరుగుడు అయితే మోకాలు మొదలుపెడ్తది, కూసొని లేస్తే, మెట్లు దిగితే నొప్పి, పొద్దున లేస్తే పట్టేసినట్టుండి అరగంట లోపల వదులైతది. ఫ్లోరైడ్ అయితే నడుము, మెడ, వెన్ను బిగుసుకుపోతయ్, నేల మీది వస్తువు తీయాలంటే మనిషి మొత్తం వంగాలె, మెడ తిప్పాలంటే భుజాలతో తిరగాలె. ఎముకలు గట్టిపడి లిగమెంట్లు కూడ ఎముక లెక్క తయారైతయ్. అనుమానముంటే ముంజేతి ఎక్స్‌రే తీయమనండి. ముంజేతిల రెండు ఎముకల నడుమ ఉండే పల్చటి పొర మీద సున్నం పేరుకుని తెల్లగ గరుకుగ కనిపిస్తది, అది అరుగుడుల రాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు డాక్టర్లు చాన మంది ఈ గుర్తును చూడంగనే పడ్తరు.

నొప్పి గోలీ రెండిట్లనూ నొప్పిని తగ్గిస్తది, రెండిట్లనూ లోపల జరిగేదాన్ని ఆపదు. మీకు ఇంకో ప్రమాదం ఎక్కువ ఉంది. ఒంట్లకు పోయిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ఎక్కువగ కిడ్నీలే. నొప్పి గోలీలు ఏండ్ల తరబడి వేస్కుని కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లనే మిగులుతది, ఎముకలు ఇంకా పట్టేస్తయ్, నొప్పి పెరిగిందని ఇంకా గోలీలు. ఫ్లోరైడ్ ఊర్లల్ల నొప్పి గోలీ మీద నాకు మిగతా ఊర్ల కన్నా కోపం ఎక్కువ ఇందుకే.

తాగే నీళ్ళు, వండే నీళ్ళు రెండూ భగీరథ నల్లాయే వాడండి, బోరు నీళ్ళు బట్టలకు, బర్లకు. తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలె, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాక అని మన దేశ ప్రమాణం. పటికె, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతికి మన జిల్లా పేరే, నల్గొండ టెక్నిక్ అనే పేరే పడ్డది, ఆ గొప్ప మనకెందుకు వచ్చిందో తలుచుకుంటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువదు. చాయ్ తగ్గించండి, చాయ్ ఆకుల ఫ్లోరైడ్ ఉంటది. చింతపండు మాత్రం మానొద్దు, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పిల్లలకు రోజూ చింతపండు పెట్టి చూస్తే మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ పోయింది. బిగుసుకున్న ఎముక దాంతోటి వదులుకాదు కాని పచ్చి పులుసు తాగనీకి ఒక సాకు దొరికింది.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక అక్క: మా ఊరికి వచ్చే ఆయన ఒక పొట్లం మందు ఇస్తడు, ఆకుల పొడి అంటడు. రెండు రోజులల్ల మా ఆయన మోకాలు నొప్పి మాయమైతది. ఆపితే మళ్ళీ డబుల్ వస్తది. ముఖం కూడ గుండ్రగ అయింది.

జవాబు: ఆకుల పొడికి రెండు రోజులల్ల నొప్పి మాయమయ్యేంత బలం ఉండదక్కా. ముఖం గుండ్రగ అయిందంటే అందుల స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఎక్కువ, డెక్సామెథాసోనో ప్రెడ్నిసలోనో. నెలల తరబడి తిన్నంక ఒక్కసారే బంద్ చెయ్యొద్దు, ఒంట్ల సొంతంగ తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే నిద్రపోయి ఉంటది, ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తది. పొట్లం పట్టుకుని జిల్లా దవాఖానల జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి పోండి, ఆయన మెల్ల మెల్లగ తగ్గిస్తడు. షుగర్ కూడ చూపించండి.

దీని వెనుకనే ఇంకొందరు మోకాలి లోపటికి ఇచ్చే సూది గురించి అడిగిన్రు. అది కూడ స్టెరాయిడే, కాకపోతె కీలుకే పరిమితం. మస్తు వాపుండి నీళ్ళు నిండినప్పుడు ఒకసారి ఇప్పించుకుంటే కొన్ని వారాలు హాయిగ ఉంటది, దానికి నేను వద్దనను. మూడు నెలలకోసారి అని చందా లెక్క పెట్టుకుంటేనే సమస్య. అమెరికాల 140 మందిని తీస్కుని రెండేండ్లు మూడు నెలలకోసారి సగం మందికి ట్రయామ్సినలోన్, సగం మందికి ఉత్త సెలైన్ నీళ్ళు ఎక్కించి 2017ల ఫలితం రాసిన్రు. స్టెరాయిడ్ జట్టుల గుజ్జు మందం 0.21 మిల్లీమీటర్లు తగ్గింది, సెలైన్ జట్టుల 0.10. నొప్పిల మాత్రం రెండు జట్లకు తేడా లేదు. నొప్పి గోలీల మీద రోటర్‌డామ్, క్యాలిఫోర్నియా వాళ్ళు చూపించిన రుజువు కన్నా ఇది గట్టి రుజువు, ఎందుకంటే ఇక్కడ చీటీలు వేసి పంచిన్రు, ఎంఆర్ఐతోటి కొలిచిన్రు.

మిర్యాలగూడ నుంచి ఒక అన్న: గ్లూకోసమైన్ డబ్బా నెలకు మస్తు ఖర్చైతుంది. గుజ్జు మళ్ళీ పెరుగుతదా?

జవాబు: పెరుగదన్నా. 2006ల అమెరికా ప్రభుత్వ పైసలతోటి 1583 మంది మీద చూసిన్రు, గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ రెండూ మొత్తం మీద ఉత్తుత్తి గోలీ కన్నా మేలు చెయ్యలే. ఆ పైసలతోటి ఒక మంచి కుర్సీ కొని దేవుని పూజ, అన్నం, కూరగాయలు కోసుడు అన్నీ దాని మీదనే చేస్తే మోకాలికి ఎక్కువ లాభం. ఇంకోటి, బరువు. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకు మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతది అని 2005ల కొలిచి చూపించిన్రు. పొట్ట ఉన్నోళ్ళకు ఇంతకన్నా మంచి మందు నాకు తెలువదు. కాని మా అక్కలకు చేన్ల ఒంటి మీద కండే ఉండదు, వాళ్ళకు బరువు తగ్గు అని అదే పాట పాడే డాక్టర్లను చూస్తే ఒళ్ళు మండుతది, వాళ్ళకు కావాల్సింది తొడల బలం, గుడ్డు, పప్పు.

వనపర్తి నుంచి పశువులున్న ఒక రైతన్న: బర్రె కాలు నొప్పికి డైక్లో సూది ఇస్తే తప్పంటున్నరు. మనుషులకు మంచిదైతే బర్రెకు ఎట్ల చెడ్డది?

జవాబు: మోకాళ్ళ శీర్షికకు బర్రె కూడ వచ్చింది, రానియ్యండి. బర్రెకు కాదన్నా చెడ్డది, దాన్ని తిన్న రాబందుకు. డైక్లో ఎక్కించిన పశువు చచ్చిపోతే ఆ మాంసం తిన్న రాబందుల కిడ్నీలు రోజులల్ల చెడి, ఒంట్ల యూరిక్ యాసిడ్ పేరుకుని కుప్పలుగ చచ్చినయ్. అందుకే 2006ల మన దేశంల పశువులకు డైక్లోఫెనాక్ బంద్ చేసిన్రు, 2023ల అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడ బంద్ అయినయ్. మెలాక్సికామ్ ఇస్తరు, పశువుల డాక్టరును అడగండి. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత నాజూకు కాదు, ఆ ధైర్యంతోనే మనం గోలీలు మింగుతున్నం.

సూర్యాపేట నుంచి ఒక అమ్మ: జెల్ రాసి పైన వేడి కాపడం పెట్టుకోవచ్చా? రాసి రెండు రోజులైంది, ఏం తేడా లేదు.

జవాబు: ఒకదాని మీద ఒకటి వద్దమ్మా, వేడికి మందు లోపటికి ఎక్కువ ఇంకుతది, చర్మం కూడ మండుతది. పొద్దున కాపడం, చర్మం చల్లారినంక జెల్. మోకాలు చుట్టూ, వెనుక మడత దాకా రాయాలె, బొట్టు పెట్టినట్టు నడుమల ఇంత రాస్తే సరిపోదు, 1 శాతం జెల్ అయితే ఒక మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగు సార్ల దాక. చిన్న ట్యూబు అట్ల రాస్తే రెండు మూడు రోజులల్లనే ఖాళీ అయితది, చాన మందికి పనిచెయ్యకపోవుడుకు కారణం ఇదే, పిసినారితనంగ రాస్తరు. గట్టిగ కట్టు కట్టొద్దు. రాసినంక చేతులు కడగండి, కంట్ల పెట్టుకుంటే మంట. వారం రాయకుండ పనిచెయ్యలేదు అనొద్దు. మీకు కూడ బీపీ, కిడ్నీ తిప్పలుంటే జెల్‌తో పాటు అదే మందు గోలీగ కూడ మింగొద్దు, రెండు దిక్కుల నుంచి పోయినట్టైతది.